ఇసుకలో గడ్డి చూడబోయాం

మా ఆయన సంవత్సరీకం అయిన మరునాడు, వచ్చిన చుట్టాలు ఇంకా పోకముందే, నన్ను కాశీకి పంపాలని తీర్మానం జరిగిపోయింది. నన్నెవరూ అడగలేదు. చిక్కడపల్లిలో మా ఇల్లు చిన్నది. వంటింట్లో గిన్నెలు సర్దుతున్న నాకు ముందుగదిలో మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి. బర్కత్‌పురలో ఉండే మా మరిది ఎవరో యాత్రల బస్సు నడిపేవాళ్ల సంగతి చెబుతున్నాడు. కాశీ, గయ, ప్రయాగ. వంటమనిషి బస్సులోనే వస్తాడట. మా వదినె, అంటే మా ఆయన అక్క, గోడకానుకుని కూర్చుని "మంచిగుంటది, పోయి రానీ" అంటోంది.

నేను చేతులు తుడుచుకుని ముందుగదిలోకి వచ్చాను.

"నేను కాశీకి పోను. జైసల్మేర్ పోత."

మా మరిదికి సరిగా అర్థం కాలేదు. "ఆడ ఏం గుడి ఉన్నది వదినె?"

"గుడి కాదు. ఇసుక దిబ్బలున్నయి. వాటి మీద మొలిచే గడ్డి చూడాలె."

మా తోడికోడలు మెల్లగా, జబ్బు మనిషిని పలకరించినట్టు, "గడ్డి మన పార్కుల లేదా అక్కా?" అంది.

మాకు పిల్లలు లేరు. పిల్లలు లేని విధవరాలి మంచిచెడ్డలు చూసే బాధ్యత అందరిదీ అవుతుంది. ఆ ఏడాదంతా అలాగే గడిచింది. నేను ఏ చీర కట్టాలో ఒకరు చెప్పారు, ఎవరి పెళ్లికి పోకూడదో ఇంకొకరు చెప్పారు. దుఃఖంలో ఉన్న మనిషికి ఎదురు చెప్పే ఓపిక ఉండదు కాబట్టి విన్నాను. ఆ రోజు మాత్రం ఓపిక వచ్చింది.

గడ్డి మీద నాకున్న ఇష్టం ఆ రోజు పుట్టింది కాదు. చిన్నప్పుడు మా ఊళ్లో బర్రెల వెంట తిరిగినదాన్ని. గరిక, తుంగ, బోద, ఊద - కళ్లు మూసుకుని చేత్తో తడిమి చెప్పగలిగేదాన్ని. డిగ్రీలో బాటనీ తీసుకున్నాను. ఆపైన గడ్డిజాతుల మీదే చదువుకోవాలని ఉండేది. పెళ్లయింది, ఆ మాట అక్కడితో ఆగింది. నారాయణగూడలో ఆడపిల్లల బడిలో సైన్సు టీచరుగా చేరి, జుట్టు నెరిసేదాకా అక్కడే పనిచేశాను. పుస్తకంలో ఎడారి మొక్కల పాఠం ఉండేది. పాఠం పక్కన బొమ్మ: పసుపు రంగు నేల, ఒక ఒంటె, ఒక ముళ్ల నాగజెముడు. ఆ నాగజెముడు మన దేశంలో పుట్టిన మొక్కే కాదు. మన ఎడారికి సొంత మొక్కలున్నాయని, ఇసుక దిబ్బల మీద నడుమెత్తు పెరిగే సేవన్ అనే గడ్డి ఉందని, దాన్ని మేసి ఆవులు పాలిస్తాయని నేను పిల్లలకు చెప్పేదాన్ని. మా వీధికి దగ్గర్లోనే ఉన్న గ్రంథాలయంలో, పోటీ పరీక్షల పిల్లలు ఒకరినొకరు ఆనుకుని చదువుకునే గదికి పక్కన, గడ్డిజాతుల మీద ఒక పాత పుస్తకం ఉండేది. అందులో చూసి చెప్పేదాన్ని. ఒకసారి ఒక పిల్ల "మీరు చూసిండ్రా టీచర్?" అని అడిగింది. లేదన్నాను. ఆయన పోయిన ఏడాదే ఉద్యోగం మానేశాను. చేతిలో కాలం ఉంది, కాళ్లలో ఇంకా సత్తువ ఉంది. ఇప్పుడు కాకపోతే ఎప్పుడు పోతాను?

మరిది వెళ్లిపోయాక మా వదినె నాతో మాట్లాడటం మానేసింది. ఆమె సంగతి ఇక్కడ చెప్పాలి. పెళ్లయిన రెండో ఏడే భర్త పోయి తమ్ముడి ఇంటికి వచ్చిన మనిషి. నేను కోడలిగా వచ్చేటప్పటికే ఆమె ఇక్కడుంది. ఆమె వంట చేసింది కాబట్టే నేను బడికి పోగలిగాను. ఆ రుణం నేను మర్చిపోలేదు. కానీ మడి, తడి, ఏకాదశి, ఎవరెదురొస్తే ఎవరు పక్కకు తప్పుకోవాలి - ఇవన్నీ ఆమె చేతిలో ఉండేవి. ఆయన పోయాక ఆ నియమాలన్నీ నాకూ అమల్లోకి వచ్చాయి.

వానాకాలం మధ్యలో ఒక పొద్దున, బెండకాయలు తరుగుతూ అడిగింది.

"టికెట్ తీసుకున్నవా?"

"తీసుకోబోతున్న."

"రెండు తీయి."

"నీకెందుకు వదినె ఆ ఎండల?"

"ఒక్కదాన్ని పంపిచ్చిండ్రంటరు లోకం. నువ్వు ఆడ ఏం జేస్తవో సూడ్నీకి ఒకరుండాలె గద."

కాపలాకు వస్తోందని అర్థమైంది. రానీ అనుకున్నాను.

కాచిగూడలో రైలెక్కాం. రెండు పెద్ద సంచుల నిండా ఆమె తిండి సామాను. సర్వపిండి, పులిహోర, పొడులు, ఇంటి నీళ్లు. దారిలో బండి మారి, జైసల్మేర్ చేరేసరికి ఆ నీళ్లు అయిపోయాయి. స్టేషన్ బయట నీళ్ల సీసా కొనిస్తే, ముట్టుకోకుండా చాలాసేపు చూసి, చివరికి కొంగుతో తుడిచి తాగింది.

ఒక జీపు మాట్లాడుకున్నాం. నడిపే అతను మా తమ్ముడి వయసువాడు. నేరుగా అందరినీ తీసుకుపోయే దిబ్బల దగ్గరికే తీసుకుపోయాడు. బారులుగా ఒంటెలు, మెడల్లో గంటలు, ఇసుకలో చిప్స్ పొట్లాలు. దిబ్బ తొక్కి తొక్కి బోడిగుండులా ఉంది. ఒక్క పోచ లేదు. జనం సూర్యుడి వైపు ఫోన్లు ఎత్తి పట్టుకుని నిలబడ్డారు.

నాకు కోపం వచ్చింది. ఇంత దూరం వచ్చింది మళ్లీ ఆ పాఠం పక్కన బొమ్మ చూడటానికా? జీపతనితో మన హైదరాబాదు భాషలోనే చెప్పాను. "రేత్ నక్కో భయ్యా. ఘాస్ హోనా."

ఇసుక వద్దు, గడ్డి కావాలి అన్నదానికి అతను నవ్వాడు. ఆ 'నక్కో', 'హోనా' విని ఇంకా నవ్వాడు. ఎవరూ గడ్డి అడగలేదమ్మా ఇప్పటివరకు అన్నాడు. నేను నవ్వలేదు. సేవన్ కావాలన్నాను. ఆ పేరు వినగానే అతని ముఖం మారింది. "మీకు సేవన్ ఎలా తెలుసు?" అన్నాడు. బళ్లో చెప్పేదాన్ని అన్నాను. అయితే రేపు మా ఊరు తీసుకుపోతా, అక్కడ మా మేనత్తకు ఆవులున్నాయి అన్నాడు.

మర్నాడు తారురోడ్డు వదిలి చాలా దూరం పోయాక జీపు ఆగింది. దిగి చూశాను.

దిబ్బ తర్వాత దిబ్బ, దాని వెనక ఇంకో దిబ్బ. కానీ బోడివి కావు. ఏ దిబ్బ చూసినా గాలి ఎక్కివచ్చే వైపు ఏటవాలుగా, పొడుగ్గా ఉంది. ఆవలి వైపు నిట్టనిలువు, అడుగేస్తే జారే ఇసుక. శిఖరం మాత్రమే ఖాళీగా, కత్తి అంచులా మెరుస్తోంది. దాని కింద నుంచి పల్లందాకా గుబురు పక్కన గుబురు, ఎడం ఎడంగా, ఎవరి జాగాలో వాళ్లు కూర్చున్నట్టు సేవన్. కొన్ని వానలు పడి ఉన్నాయేమో, ఆకు పచ్చగా ఉంది. కంకులు తెల్లగా, పట్టుదారంలా వెంట్రుకలతో, గాలి వచ్చినప్పుడల్లా అన్నీ ఒక్క వైపుకి వంగి మళ్లీ లేస్తున్నాయి.

నేను చెప్పులు విడిచి నడిచాను. పైన ఇసుక కాలుతోంది. జానెడు లోతు చేయి పెడితే లోపల చల్లగా, తడిగా ఉంది. ప్రతి గుబురు మొదట్లోనూ చిన్న ఇసుక గుట్ట. గాలి మోసుకొచ్చే ఇసుకను గడ్డి ఆపుతుంది, ఆ ఇసుకే దాన్ని పూడ్చాలని చూస్తుంది, గడ్డి ఇంకా పైకి లేస్తుంది. ఇంకొంచెం పైన మురట్ అనే గడ్డి. గట్టి కణుపులతో చిన్న పొదలా ఉంటుంది. ఇసుక కప్పితే ఆ కణుపు దగ్గరే కొత్త వేరు వేస్తుంది. గాలికి ఇసుక కొట్టుకుపోయిన చోట దాని వేరు బయటపడి ఉంది. తీగలాంటి ఆ వేరు చుట్టూ ఇసుక రేణువులు అంటుకుని మేజోడు తొడిగినట్టుంది. పుస్తకంలో ఆ సంగతి చదివాను. వేలితో గీకి చూశాను, రాలేదు. అంత గట్టిగా పట్టుకుని ఉంది. నేను అక్కడే ఇసుకలో కూర్చుని ఏడ్చాను. ఆయన పోయినప్పుడు కూడా అందరి ముందూ అంతగా ఏడవలేదు.

మా వదినె జీపు నీడలోనే నిలబడింది. కాసేపటికి జీపతని మేనత్త వచ్చింది. ఎర్ర ఓణీ కప్పుకున్న బక్కపల్చటి ముసలామె, చేతిలో కర్ర. మేం గడ్డి చూడటానికి వచ్చామని మేనల్లుడు చెబితే ఆమె ఆశ్చర్యపోలేదు. గడ్డి బాగుంటే మనుషులు చూడటానికి రావడం ఆమెకు మామూలు విషయంలాగే తోచింది. మమ్మల్ని వెంటబెట్టుకుని పల్లంలోకి దిగింది.

పల్లంలో పొట్టి గడ్డి. అందులో భూరట్ అనేది ఒకటి. కాయలన్నీ ముళ్లే. మా వదినె ఉతికి గంజిపెట్టిన తెల్లచీర కట్టుకుంది. పది అడుగులు వేసేలోపే అంచంతా ఆ కాయలతో నిండిపోయింది. కొంగు విదిలిస్తే చేతికి అంటుకున్నాయి. "ఏం గడ్డే ఇది, నిన్ను దగలెయ్య" అని దాన్ని తిడుతూ అక్కడే ఉన్న ముసలామె గుడిసె ముందు కూర్చుండిపోయింది. ఆ ముసలామె నవ్వుతూ ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క కాయా ఊడదీసి, రాతి మీద నలిపి, ఊదింది. చేతిలో చిన్న చిన్న తెల్లటి గింజలు మిగిలాయి. నోట్లో వేసుకుని, మా వదినె చేతిలో కొన్ని పోసింది. కరువొచ్చినప్పుడు ఇవే తిన్నాం అని ఆమె చెబితే నేను తెలుగులో చెప్పాను.

బయటి ముద్ద ముట్టని మా వదినె ఆ గింజలు నోట్లో వేసుకుంది. చాలాసేపు నమిలింది.

"ఊద గింజలు గిట్లనే ఉండేటివి," అంది. "పాలమూరుల కరువొస్తె మా అమ్మ గడ్డిల నుంచి ఏరుకొచ్చేది. మర్సిపోయిన నేను."

తర్వాత చీర అంచు ఒళ్లో పెట్టుకుని కాయలు ఊడదీస్తూ, నా వైపు చూడకుండానే మాట్లాడింది.

"నువ్వు యాడికి పోతవో జెప్పినవ్. నలుగుట్ల నిలవడి జెప్పినవ్. నన్ను ఎవ్వలన్న అడిగిండ్రా, నీకు యాడికి పోవాల్నని? ఇరువై ఏండ్లు రాకముందే తెల్లచీర జుట్టిండ్రు. తమ్ముని ఇంట్ల వంటకు వెట్టిండ్రు. నేను అడగలె. అడగొచ్చని తెల్వదు నాకు."

"ఇప్పుడు అడుగుతున్న వదినె. యాడికి పోవాలె నీకు?" అన్నాను.

"ముందుగాల ఆ దిబ్బ మీదికి," అంది.

ఎక్కించాం. నేను ఒక పక్క, ఆ ముసలామె ఇంకో పక్క. జారుతూ, నిలబడుతూ, ఆయాసపడుతూ శిఖరం దాకా ఎక్కింది. పైన గాలికి కొంగు ఎగిరి తలమీది నుంచి జారిపోయింది. ఎప్పుడూ తల కప్పుకునే ఉండే మనిషి. దాన్ని సర్దుకోకుండా అలాగే నిలబడి చుట్టూ చూసింది.

ఆ సాయంత్రం ముసలామె ఇంట్లో సజ్జ రొట్టె తిన్నాం. ఎవరి చేతి వంటో మా వదినె అడగలేదు.

తిరిగి వచ్చాక మా వదినె పూర్తిగా మారిపోయిందని చెబితే అబద్ధం. ఏకాదశులు మానలేదు. నన్ను తిట్టడమూ మానలేదు. కానీ మా తోడికోడలు వచ్చి, కాస్త వెటకారంగా, "గంగ తెచ్చిండ్రా అక్కా?" అని నన్నడిగితే, లోపలి నుంచి ఆమే జవాబిచ్చింది.

"ఇసుక తెచ్చినం. చీర మడతలల్ల ఇంక ఉన్నది. గావాల్నా?"

ఆ తర్వాత మా మీద మాటలు చాలానే వచ్చాయి. ముషీరాబాద్‌లో ఒక పెళ్లికి పోతే, ఇద్దరు విధవలు ఎడారిలో ఒంటెలెక్కి తిరిగారని మా వెనకే చెప్పుకున్నారు. మా వదినె వెనక్కి తిరిగి, "ఒంటె ఎక్కలె. దిబ్బ ఎక్కినం," అని సరిచేసింది. అశోక్‌నగర్ హాస్టళ్లు వదిలి, గ్రూప్స్‌కు చదివే ఆడపిల్లలు కొందరు మా పై గదిలోకి కిరాయికి వచ్చారు. ఎడారి ప్రాంతాల గురించి వాళ్లు కంఠస్థం పెడుతుంటే ఆమె మెట్ల మీద కూర్చుని వినేది. "బంజరు అని రాయకుండ్రి బిడ్డా, నేను సూసొచ్చిన" అనేది. "అట్ల రాస్తె మార్కులు రావు అమ్మమ్మా" అని వాళ్లు నవ్వేవాళ్లు. "రాకుంటె మానె" అనేది.

2014లో, అక్కడ వానలు సరిగా పడని సమయంలో, జీపతను ఫోన్ చేశాడు. ఊరి మేత దిబ్బల మీద చెట్లు నాటడానికి ఎవరో గుత్తేదారు వచ్చాడట. గుంతలు తవ్వుతున్నారట. గడ్డి వేళ్లతో సహా పోతోందట. ఊరివాళ్లు వద్దన్నా వినడం లేదు. ఖాళీ భూమి పచ్చబడితే మీకేం నష్టం అంటున్నారట. "మా మేనత్త మీకు చెప్పమంది," అన్నాడు. రమ్మనలేదు. చెప్పమంది అంతే.

నేను ఫోన్ పెట్టేసి వదినెకు చెప్పాను. ఆమె అప్పటికే సంచి వెతుకుతోంది.

మా మరిది బర్కత్‌పుర నుంచి పరుగున వచ్చాడు. "మనకేం పరేషాని వదినె అది? మన ఊరా, మన వాడా?"

"మన గడ్డి" అన్నాను.

ఈసారి దిబ్బలు వేరుగా ఉన్నాయి. సేవన్ గుబుర్లన్నీ ఎండి, గడ్డివాము రంగులో ఉన్నాయి. చూసినవాడెవడైనా చచ్చిపోయిందనే అంటాడు. నేను ఒక గుబురు మొదలు విప్పి చూశాను. ఎండు పోచల లోపల, ఇసుకకు ఆనుకుని, వేలి గోరంత పచ్చదనం ఉంది. వాన పడేదాకా అలా కూర్చుంటుంది. దాని పక్కనే వరసగా గుంతలు. పీకిన గుబుర్లు కుప్పగా పడేసి ఉన్నాయి. ట్రాక్టరు నిండా నల్లసంచుల్లో మొలకలు.

మా వదినె ఒక మొలక ఆకు తుంచి చూసింది. "ఇది మా దిక్కు సర్కారు తుమ్మ అసుంటిదే. మా చెరువు శిఖం భూమంత ఇదే ఎక్కింది. కింద పోచ మొల్వనియ్యదు."

ట్రాక్టరు తర్వాతి దిబ్బ వైపు తిరిగింది. ఆ ముసలామె పోయి దాని దారిలో, గుబుర్ల మధ్య కూర్చుంది. ఊరి ఆడవాళ్లు కొందరు పోయి ఆమె పక్కన కూర్చున్నారు. మా వదినె నా చేయి వదిలించుకుని, ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ పోయి, వాళ్ల ముందు కూర్చుంది. నేనూ పోయాను.

గుత్తేదారు కుర్రవాడేం కాదు. మర్యాదస్తుడే. నా భాష విని, "మీరు ఈ ఊరివాళ్లు కాదు కదా మాతాజీ, ఎందుకొచ్చారు?" అన్నాడు. గడ్డి చూడటానికి వచ్చానన్నాను. ఇక్కడ గడ్డి ఎక్కడుంది, ఎండిపోయింది కదా అన్నాడు. నేను ఒక గుబురు విప్పి ఆ పచ్చదనం చూపించాను. ఇది దిబ్బను పట్టుకుని ఉంది, దీన్ని పీకితే నీ చెట్టు వేరు పట్టేలోపు దిబ్బ కదులుతుంది, అప్పుడు ఈ ఇళ్ల మీదికి వస్తుంది అని చెప్పాను. అతను "నాకు అప్పజెప్పిన పని నేను చేయాలి" అన్నాడు.

అప్పుడు మా వదినె తెలుగులోనే అందుకుంది. "నువ్వు చేయి నాయనా. మేం లేవం. మా మీదికెల్లి పోతవా పో."

అతనికి మాటలు అర్థం కాలేదు. కూర్చున్న తీరు అర్థమైంది. ఎండ నెత్తి మీదికి వచ్చింది. మాకు ఊళ్లోంచి మజ్జిగ వచ్చింది. ట్రాక్టరు వాళ్లకూ ముసలామె మజ్జిగ పంపింది. ఎవరూ అరవలేదు. పొద్దు వాలాక ట్రాక్టరు వెనక్కి తిరిగింది. మర్నాడు మళ్లీ వచ్చింది, మేం మళ్లీ కూర్చున్నాం. అలా కొన్నాళ్లు నడిచింది. నా అరికాళ్లు పొక్కులెక్కాయి. చివరికి ఊరి పెద్దలూ గుత్తేదారూ ఏదో మాట్లాడుకుని, మేం కూర్చున్న దిబ్బను, దాని వెనక పల్లాన్ని వదిలేశారు. రోడ్డుకు దగ్గరగా ఉన్న దిబ్బల మీద మాత్రం చెట్లు నాటేశారు. వాటిని ఆపలేకపోయాం. తిరుగు ప్రయాణంలో జీపు వాటి పక్క నుంచే వచ్చింది. వదినె అటు చూడలేదు. నేను చూశాను. చూడాలి కాబట్టి.

2015లో వానలు బాగా పడ్డాయని జీపతను ఫోన్ చేశాడు. మా దిబ్బ మీద సేవన్ నడుమెత్తు లేచిందట. మేనత్త ఆవు ఈనిందట. ఆ మాట ఇంట్లో చెబుతున్నప్పుడు మా మరిది అక్కడే ఉన్నాడు. వ్యంగ్యంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"గంత దూరం పోయి, ఎండల కూసోని, ఒక్క దిబ్బ మిగిలింది. దానికోసం పోవాల్నా వదినె?"

నేను నోరు తెరిచేలోపే లోపలి నుంచి మా వదినె అంది.

"పోవాలె."